ఆకాశవాణియు రాజశాసనమును

పురాణములందు నాకాశవాణి యనఁగా వక్త కనఁబడని పలుకు. చెల్లెలిని, బావను రథముపై నెక్కించుకొని కంసుఁడు స్వయముగాఁ బగ్గములు పట్టి తోలుచుండఁగా, నతఁడు వినఁగోరని వార్తను వినిపించినది యట్టి పలుకే. దాని కెవ్వరి యనుజ్ఞయు నక్కఱలేకపోయెను. దాని నాఁపు సాధనమును రాజునొద్ద లేదు. కావుననే యతఁడు పలుకును విడిచి చెల్లెలిపైఁ గత్తి దూసెను. ఈ పేరు 1935లో మైసూరున ఎం. వి. గోపాలస్వామి నెలకొల్పిన ప్రసారకేంద్రమునకు వచ్చెను. పిదప నఖిల భారత రేడియోకే నామమయ్యెను. పేరు పురాణమునుండి వచ్చినది గాని నడక శాసనమునుండి వచ్చినది. పురాణములోని యాకాశవాణికి లేని యనుజ్ఞయే యీ యాకాశవాణి కాధారము.

ఆ శాసనము 1885 నాఁటి భారత టెలిగ్రాఫు చట్టము. టెలిగ్రాఫులను నెలకొల్పుటకును నడపుటకును బ్రభుత్వమునకే ప్రత్యేకాధికారము గలదనియు, నితరులు లైసెన్సు పొంది మాత్రమే యా పని చేయవలయుననియు దాని నాలుగవ విభాగము విధించెను. అది వ్రాయఁబడిన నాఁటికిఁ దీఁగె లేని వార్త లేదు. జగదీశచంద్ర బోసు కలకత్తాలో విద్యుత్తరంగములను గోడలగుండఁ బంపి చూపినది 1895లో. మార్కోనీ ప్రయోగములు నించుమించుగా నప్పటివే. తంతి యనఁగా నొక సొత్తు: స్తంభములు, తీఁగెలు, వానిని గాచు మనుష్యులు, రాజ్యరక్షణకుఁ బనికివచ్చు రహస్యములు. 1857లో దాని విలువ నెఱిఁగిన ప్రభుత్వము దానిపై నధికారము నొరుల కీయకుండుట వింత గాదు. తీఁగెకై చేసిన యా కట్టుబాటు తీఁగె లేని కంఠమునకును జాలునని తలఁచుటయే వింత. ఒకరినుండి యొకరికిఁ బోవు రహస్యసందేశమును, ఒకరినుండి యూరందఱకుఁ బోవు బహిరంగోపన్యాసమును శాసనదృష్టిలో నొక్కటే యయ్యెను. 1933 నాఁటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము మఱింత ముందునకుఁ బోయి, వినెడు యంత్రమును లైసెన్సు లేక యింట నుంచుకొనుట నేరమనెను. గ్రంథము నచ్చొత్తించుటకే గాక చదువుటకును ననుమతి కావలెనన్నట్లు! ఈ వినికిడి లైసెన్సు 1980ల దశకము వఱకు నిలిచియుండెను.

అచ్చు కథ వేఱు. 1823లో జాన్ ఆడము పత్రికలకు లైసెన్సు విధింపఁగా, రామమోహనరాయలు దానికి నిరసనగాఁ దన పారసీక పత్రికయగు మీరాత్-ఉల్-అఖ్బారును నిలిపివేసెను. 1835లో మెట్కాఫు ఆ లైసెన్సును దీసివేసెను. 1857లో నది యొక్క యేఁటి కాలమునకు మరల వచ్చి పోయెను. 1867 నాఁటి చట్టము ముద్రాపకు నడిగినది ప్రకటన మాత్రమే: తానెవ్వఁడో, యెక్కడ నచ్చొత్తుచున్నాఁడో మేజిస్ట్రేటు నెదుటఁ జెప్పిన జాలును. 1878 నాఁటి దేశభాషాపత్రికా చట్టమును, 1910 నాఁటి ప్రెస్ చట్టమును ధరావతులు గోరినవి, యంత్రములను స్వాధీనపఱచుకొన్నవి. దేశభాషాపత్రికలు వానివలనఁ జాల నలిగినవి. అయినను నవి చాలవఱకుఁ బలికిన పిమ్మట వచ్చు శిక్షలు. పలుకుటకుఁ బూర్వము కావలసిన యనుజ్ఞకును, బలికినందుకు వచ్చు శిక్షకును గల భేదము పరిశోధకులు మఱవరానిది. శిక్షింపఁబడిన పత్రిక యొక్క సంచిక యెక్కడనో యొక పెట్టెలో మిగిలి చరిత్రకారునకు దొరకును. అనుజ్ఞ లేక పుట్టకుండఁ బోయిన ప్రసారమునకు సంచికయే లేదు.

ఇట్లనుటవలన, స్వతంత్రకంఠముల నన్నింటిని దొరతనమే నొక్కెనని తలఁపరాదు. మదరాసులో సి. వి. కృష్ణస్వామిసెట్టి పూనికతో నేర్పడిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జులై 31న ప్రసార మారంభించి, ధనము చాలక 1927లో మూతవడెను. దాని ట్రాన్స్‌మిటరు మదరాసు కార్పొరేషను చేతికి వచ్చి 1930లో మరలఁ బలికెను. బొంబాయిలో 1927 జులైలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీయు 1930లో నట్లే చితికిపోయెను. ప్రైవేటు పూనికలు పడిపోయిన చోటఁ బ్రభుత్వము నిలిచినది. 1938 జూన్ 16న మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును దెఱవఁబడెను. హైదరాబాదులో మహబూబ్ అలీ నడపిన చిన్న కేంద్రమును నిజాము ప్రభుత్వము 1935లోఁ దీసికొనెను. ఆ డెక్కను రేడియో 1950 ఏప్రిలులో నఖిల భారత రేడియోలోఁ గలిసెను. తెలుఁగు వార్తలు మాత్రము చిరకాలము ఢిల్లీనుండియే వచ్చుచుండెడివి. అనుజ్ఞ నడుగని కంఠములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1942లో ఉషామెహతా మొదలగువారు బొంబాయిలో రహస్యముగా నడపిన కాంగ్రెసు రేడియో. ఆగస్టు చివర మొదలైన యది నవంబరు నడుమకుఁ బట్టువడెను.

1950లో రాజ్యాంగము వాక్స్వాతంత్ర్యము నొసఁగెను. ఆ యేఁటనే, మదరాసు రాష్ట్రమునఁ 'గ్రాస్ రోడ్స్' పత్రికపై విధించిన నిషేధము చెల్లదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ప్రసారమును గూర్చి యంతటి తీర్పు వచ్చుటకు నలువదియైదేండ్లు పట్టెను. అదియు వార్తవలనఁ గాక క్రికెట్టువలన వచ్చెను. నడుమ 1975 నాఁటి యత్యవసరపరిస్థితిలోఁ బత్రికలకు ముందస్తు సెన్సారు వచ్చినప్పుడు, వానికిని రేడియోకును గల భేదము కొంతకాలము మాసిపోయెను. 1993 నాఁటి హీరోకప్పు పోటీల ప్రసారమును గూర్చి బెంగాలు క్రికెట్టు సంఘమునకును బ్రభుత్వమునకును బుట్టిన తగవు 1995 ఫిబ్రవరి 9న తీఱెను. ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, వానిని బ్రజాహితమునకై నియమించుటకు స్వతంత్రసంస్థ నేర్పఱుపవలయుననియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. వేఱుగాఁ దీర్పు వ్రాసిన తెలుఁగు న్యాయమూర్తి బి. పి. జీవన్‌రెడ్డి ప్రభుత్వపు గుత్తను, ధనికుల గుత్తను సమానముగా శంకించెను. ఒకరి చేతినుండి తీసి వేఱొకరి చేతఁ బెట్టిన సొత్తు ప్రజలకుఁ జెందినట్లు గాదు. 1990లోఁ జేయఁబడిన ప్రసారభారతి చట్టము 1997లో నమలునకు వచ్చెను. కాని యది ప్రసారము చేయు సంస్థయే గాని తరంగములను బంచి యిచ్చు సంస్థ గాదు.

2001నుండి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు పుట్టెను. పాట చెల్లును, ప్రకటన చెల్లును, పరిహాసము చెల్లును, వార్త చెల్లదు. 2011 నాఁటి నియమములు ఆకాశవాణి వార్తలను మార్పులేక మరల వినిపింప ననుమతించెను. మఱియు వాతావరణము, దారులపై రాకపోకలు, పరీక్షాఫలితములు, విద్యుత్తు నీటి సరఫరాలను గూర్చిన ప్రకటనలు మొదలగునవి వార్తల క్రిందికి రావని నిర్వచించెను. నిఘంటుకారు లాశ్చర్యపడఁదగిన యర్థవిభాగ మిది: కరెంటు పోవునని చెప్పుట సమాచారము; ఏల పోయెనని యడుగుట వార్త. 1995లో వచ్చిన ఈటీవీ మొదలుకొని తెలుఁగు టెలివిజన్లు నానాఁటికిఁ బెరిగి పగలు రేయి వార్తలు చెప్పఁజొచ్చెను. అవియు ననుమతి పొందినవే, కాని వానికి వార్త నిషిద్ధము గాదు. ఒకే యూరి సంగతి బొమ్మతోఁ జెల్లి, కంఠముతోఁ జెల్లకుండుటకుఁ దగిన హేతువు గానరాదు.

ఇందువలన మిక్కిలి నష్టపడినవారు నగరములలోని ఎఫ్.ఎం. యజమానులు గారు. జహీరాబాదు చేరువ మాచనూరు గ్రామమున, దక్కను డెవలప్‌మెంటు సొసైటీకిఁ జెందిన దళితస్త్రీలు 1990ల చివర యునెస్కో సాయమున ధ్వనిముద్రణశాల నేర్పఱచుకొనిరి. యంత్రములున్నవి, చెప్పవలసిన మాటలున్నవి, అనుజ్ఞ లేదు. విత్తనములను, చిరుధాన్యములను గూర్చిన సంభాషణలను, పాటలను వారు తమ మాండలికమునఁ గ్యాసెట్లలో నెక్కించి, సంఘముల కూటములలో వినిపించుచు వచ్చిరి. ఇంచుమించు పదేండ్లు గడచిన పిమ్మట, 2006 నాఁటి సామాజిక రేడియో విధానము ననుసరించి, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోనికి వచ్చెను. ఆ విధానమునఁ బ్రసారశక్తికి హద్దు 100 వాట్లు. గ్రాంథికమా వ్యావహారికమా యని పండితులు దశాబ్దములు వాదించిన భాషలోఁ బొలముపనుల స్త్రీల పలుకుబడి ప్రసారభాషయైన ఘట్ట మిది. భాషాచరిత్రకారులు దీనికిఁ దగినంత చోటు చూపవలసియున్నది. అయినను వారికిని సొంత వార్త నిషిద్ధమే. పంట యెట్లు పండించవలెనో చెప్పవచ్చును. మండి ముచ్చట రాజకీయముతో ముడివడినచో హద్దు దాటినట్లగును.

2023 డిసెంబరులోఁ బార్లమెంటు 1867 నాఁటి ముద్రణచట్టమునకును, 1885 నాఁటి టెలిగ్రాఫు చట్టమునకును బదులుగాఁ గ్రొత్త చట్టములు రెండింటిని జేసెను. మొదటిది, పత్రికాప్రకాశకుఁడు మేజిస్ట్రేటు నెదుటఁ జేయు ప్రకటనను సైతము తీసివేసెను. రెండవది లైసెన్సను మాటకు మాఱుగా ఆథరైజేషనను మాటను దెచ్చెను. ఆ సెప్టెంబరులోనే, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములను గంటకుఁ బది నిమిషములకు మించకుండ వార్తలు చెప్పనీయవచ్చునని దూరసంచార నియంత్రణసంస్థ సిఫారసు చేసియుండెను.