పాదలాఘవం

హస్తలాఘవమన్న మాట నిఘంటువులలో ఉన్నది. పాదలాఘవమన్నది నా పైత్యం. చిక్కడపల్లి నుండి నారాయణగూడ దాకా ఒక్కమారైనా వాహనం నడిపిన మిత్రులు దీనిని మన్నిస్తారన్న ధైర్యంతో శీర్షికగా ఉంచాను.

ఇంధనాన్ని పొదుపుగా వాడుకొనే విద్య మనకు కరవు నేర్పినదే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా, 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ వెలసింది. పదేళ్ళు తిరగకముందే ప్రపంచయుద్ధం వచ్చిపడింది. దేశమంతటా పెట్రోలుకు రేషను. బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన కాలమది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. ముషీరాబాదులోని దాని కార్యాలయం మూలంగానే మన కూడలికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అన్న పేరు నిలిచింది.

అసలు దెబ్బ 1973 అక్టోబరులో తగిలింది. పశ్చిమాసియాలో యుద్ధం, అరబ్బు దేశాల ఆంక్షలు. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర సుమారు నాలుగింతలైంది. ఆ నవంబరులో వాజపేయిగారు ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. బడిపిల్లవాణ్ణైన నాకు ఆ వార్త వేడుకగా తోచింది గాని, ఇంట్లో పెద్దలెవరూ నవ్వలేదు. 1978లో పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం పుట్టింది. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగంతో నడపండి, ఎర్రదీపం దగ్గర ఇంజను ఆపండి అని అది బోధించింది. రెండవది శిరోధార్యం. మొదటిది చిక్కడపల్లిలో ఎవరికి సాధ్యమో ఆ సుధా హోటలు ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది!

ఈ విద్యలో నా గురువు గోడపత్రిక కాదు, మా అశోక్‌నగర్ వీధిలో ఉండిన ఒక బస్సు డ్రైవరు. నేను కొత్తగా స్కూటరు కొన్న రోజులలో, ముందున్న బండిని కాదు, దాని ముందున్న బండిని చూడమని చెప్పాడాయన. అది ఆగబోతున్నదని తెలిస్తే ఎక్స్‌లేటరు ముందే వదలవచ్చు, బ్రేకుతో పని తక్కువ. వేగం రెట్టింపైతే బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు తొక్కగానే అదంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మళ్ళీ కదలాలంటే మళ్ళీ ఇంధనమే. ఆయన ఈ సూత్రం చదువుకోలేదు, పాదంతో గ్రహించాడు.

గ్రహించక తప్పలేదు కూడా. ఆర్టీసీలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్నది డ్రైవరు వారీగా లెక్క కడతారు. దానిని వారు కేఎంపీఎల్ అంటారు. బాగా తెచ్చినవారికి మెప్పు, తేలేనివారికి శిక్షణ. అడుగడుగునా ఆగే ఊరి బస్సుకు, దూరప్రయాణపు బస్సుకు ఒకే లెక్క పొసగదని ఆయన అనేవాడు. నిజమే. అయినా ఇన్ని వాహనాల నడుమ లీటరుకు జవాబు చెప్పవలసిన పాదం ఆ ఒక్కడిదేనన్నది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. మా స్కూటర్లను, కార్లను ఆ లెక్క అడిగినవారెవరు?

ఒక్క విషయంలో మాత్రం ఆ తరం విద్య పాతబడింది. పల్లం వస్తే గేరు న్యూట్రల్ చేసి జారిపోవడం మాకు పెద్ద పొదుపు. కార్బురేటరు రోజులలో అది కొంత చెల్లింది, ప్రమాదమైనా సరే. నేటి ఇంజెక్షను బండ్లలో గేరులోనే ఉండి ఎక్స్‌లేటరు వదిలితే, ఇంజను తగినంత వేగంగా తిరుగుతున్నంతసేపు ఇంధనం దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను తిరగడానికి ఇంధనం కావలసిందే. మా ఈడువారికి ఈ మాట నమ్మించడం కష్టం.

2020 ఫిబ్రవరి 7న చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా మెట్రో వచ్చింది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుండి వీఎస్టీ దాకా, ఆ మెట్రో మార్గానికీ పైగా, ఉక్కు వంతెన తెరిచారు. ఆ రెండింటి కింద, క్రాస్‌రోడ్స్ సిగ్నలు దగ్గర మొన్న నేను బండి ఆపి తాళం తిప్పాను. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉన్నది, వెనుక కారాయన హారను మోగించాడు. ఎడమపక్క సిటీ బస్సు డ్రైవరు మాత్రం నా వంక చూసి తల పంకించాడు.