పుష్‌రాడ్ పొడుగు ఎంత? పాత షెవ్రొలే లారీల కథ

కోయంబత్తూరు మోటారు రంగంలో మనవాళ్ల గురించి మేము రాసిన దానికి షోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, హోసూరు నుంచి జవాబులు వచ్చాయి. ఎక్కువమంది అడిగినది ఒక్కటే: "తాతగారి షెవ్రొలే లారీ ఇంజన్ మళ్లీ కట్టిస్తున్నాం. పుష్‌రాడ్లు అమెరికా నుంచి తెప్పించాలి. ఏ పొడుగు చెప్పమంటారు?"

ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ కేటలాగులో ఉండే పొడుగు ఫ్యాక్టరీలోంచి అప్పుడే బయటికి వచ్చిన ఇంజన్‌ది. మన ఇళ్లలో ఉన్నవి అలాంటివి కావు. అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో, శివడీ దగ్గర, బండ్లు బిగించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే, 1929లో, అమెరికాలో షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజన్ వచ్చింది. దానికి వాల్వులు పైన హెడ్‌లో, క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులో. ఈ రెంటినీ కలిపేదే పుష్‌రాడ్. 1937లో 216 ఇంజన్, 1941లో పెద్ద లారీలకు 235 వచ్చాయి. పద్ధతి మాత్రం అదే. ఆ రోజుల్లో ఫోర్డ్ వీ8, డాడ్జ్, ఫార్గో పెట్రోలు ఇంజన్లకు వాల్వులు బ్లాకులోనే పక్కన ఉండేవి. వాటికి పుష్‌రాడే లేదు. ఫార్గో మీద పని నేర్చుకున్న మేస్త్రీకి ఈ తలనొప్పి తెలియకపోవడంలో వింత లేదు.

జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి-పళని మధ్య బస్సు నడిపిన సంగతి మన సభ్యులకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ తరం మోటారువాళ్లకు విడిభాగం పాడైతే కొత్తది కొనడం రెండో ఆలోచన. మొదటిది, ఉన్నదాన్ని లేత్ మీదికి ఎక్కించడం. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పెట్రోలుకు రేషన్. బొగ్గు గ్యాసు మీద బస్సులూ లారీలూ నడిచాయి. వెనక పొయ్యి కట్టుకుని తిరిగిన ఆ బండ్ల గురించి ఇంటి పెద్దల నోట మీరూ వినే ఉంటారు. ఆ గ్యాసుతో వచ్చే బూడిద, దుమ్ము సిలిండర్లనూ వాల్వు సీట్లనూ అరగదీసేవి. సీట్లు కోయించడం, హెడ్ ఫేసింగ్ చేయించడం మామూలైపోయింది.

ఆ మీదట 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక. ఇక్కడ తయారీ కార్యక్రమం లేకుండా విదేశీ భాగాలు బిగించి అమ్మే కంపెనీలకు ఇక చోటు లేదన్నారు. 1954లో జనరల్ మోటార్స్ బొంబాయి ప్లాంటు మూసేసింది. బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. విడిభాగాలు దొరక్క అదే బ్లాకును, అదే హెడ్‌ను మళ్లీ మళ్లీ కోసి వాడారు.

ఇప్పుడు లెక్క చూడండి. వర్క్‌షాపుల్లో చెప్పుకునే థౌ లెక్కలోనే చెప్తాం, అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఉదాహరణకు బ్లాకు పైభాగం 10 థౌ, హెడ్ అడుగు 20 థౌ కోశారనుకుందాం. రాకర్ షాఫ్ట్ 30 థౌ కిందికి దిగుతుంది, పాత రాడ్ అంత పొడుగెక్కువ అవుతుంది. క్యామ్ మళ్లీ గ్రైండ్ చేసి బేస్ సర్కిల్ వ్యాసార్ధం 20 థౌ తగ్గిందంటే టాపెట్ అంత కిందికి పోతుంది, ఇక్కడ రాడ్ పొడుగు చాలదు. వాల్వు సీటు 18 థౌ లోపలికి దిగితే వాల్వు కాడ పైకి లేస్తుంది. రాకర్ నిష్పత్తి ఒకటిన్నర అనుకుంటే రాడ్ వైపు అది 12 థౌ. అన్నీ కలిపితే రాడ్ 22 థౌ పొట్టిగా ఉండాలి. పాత పల్చటి గ్యాస్కెట్‌కు బదులు 20 థౌ మందం ఎక్కువున్నది వేశారా, తేడా 2 థౌకి వచ్చేస్తుంది! ఇన్ని కోతల తర్వాత కూడా పాత రాడ్డే సరిపోవచ్చు. పక్క బండికి అస్సలు సరిపోకపోవచ్చు. కొలవకుండా తెలియదు.

కొలత దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. వీడియోల్లో చూపించే పద్ధతి ఇది: వాల్వు కొనకు మార్కర్ రంగు పూసి, ఇంజన్ చేత్తో తిప్పి, రాకర్ రాసిన గీత మధ్యలో సన్నగా పడేదాకా రాడ్ పొడుగు మార్చడం. మంచి పద్ధతే. కానీ అది 1955లో వచ్చిన షెవ్రొలే వీ8 లాంటి వాటికి. వాటిలో ప్రతి రాకర్ విడిగా ఒక స్టడ్ మీద, నట్టు కింద కూర్చుంటుంది. రాడ్ పొడుగు మారితే రాకర్ ఎత్తే మారుతుంది. ఆ ఇంజన్ పుట్టింది బొంబాయి ప్లాంటు మూసిన మరుసటి ఏడాది. మన లారీల్లో ఉన్నది దానికి ముందరి ఆరు సిలిండర్లది. అందులో రాకర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి. రాడ్ ఎంత మార్చినా వాల్వు కొన మీద ఆ గీత జరగదు. గీత అంచుకు పడుతుంటే చూడాల్సింది వాల్వు కాడ ఎత్తు, రాకర్ స్టాండ్ ఎత్తు. రాడ్లు మార్చి మార్చి డబ్బు తగలేసుకోవద్దు.

మన ఇంజన్‌లో రాడ్ పొడుగు తేల్చేది అడ్జస్టింగ్ స్క్రూ. హెడ్‌ను అసలు గ్యాస్కెట్‌తో పూర్తిగా బిగించాలి. టాపెట్ క్యామ్ వెనక వైపు మీద ఉండాలి. స్క్రూను మరల మధ్యలో నిలిపి, మరతో పొడుగు మారే రాడ్‌తో సరైన క్లియరెన్స్ వచ్చేదాకా చూడాలి. అలాంటి రాడ్ దొరక్కపోతే పాత రాడ్‌ను మధ్యకు కోసి మర స్టడ్ వేసుకోవచ్చు. రాడ్ పొడుగైతే స్క్రూను దాదాపు చివరిదాకా పైకి తిప్పాల్సి వస్తుంది. మరీ పొడుగైతే వాల్వు మూసుకోదు, కాలిపోతుంది. పొట్టిదైతే స్క్రూ మొత్తం కిందికి దిగినా గ్యాప్ తగ్గదు, టకటక చప్పుడు ఆగదు.

ఇంకో చిక్కు: 1950 నుంచి కొన్ని 235 కారు ఇంజన్లకు హైడ్రాలిక్ టాపెట్లు వచ్చాయి. వాటి రాడ్ వేరు. సాలిడ్ టాపెట్లున్న లారీ ఇంజన్‌కు ఆ సెట్టు తెప్పిస్తే పని జరగదు. ఆర్డరు చేసే ముందు టాపెట్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆ హెడ్లలో కొన్నిటికి ఇంక ఒక్క ఫేసింగ్‌కే లోహం మిగిలింది. వాల్వు కాలి సీటు పోతే ఇంకోటి సులువుగా దొరకదు. ఈ పని చేసిన పెద్ద మేస్త్రీలు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. మీ ఇంట్లో పాత వర్క్‌షాపు నోటు పుస్తకాలుంటే, ఏ ఏడు ఎన్ని థౌ కోశారో రాసిన పేజీలు ఫోటో తీసి పంపండి. బండి నంబరు కనబడక్కర్లేదు, ఊరూ ఇంజన్ రకమూ చాలు. వచ్చే నెల వాటిని ఒకచోట పేర్చి పెడతాం.