పెండ్లిపటము వెనుకనున్న సీమ

కార్తిక శుద్ధ ద్వాదశి నాడు తులసికోట యొద్ద దీపములు వెలిగించి పూజ ముగించినంతనే ఇందూరు (నిజామాబాదు) సీమలో పలు పనులు ఒక్కమారుగా మొదలగును. వానకాలపు వరి కోతకు వచ్చి కల్లములు నిండును. చెరకు విరివిగా పండిన కాలమున దానిని నరుకు కూలిజట్లును తోటలలో దిగెడివి. మూఢము అడ్డురానిచో పురోహితుల పంచాంగములలో లగ్నములు వరుసకట్టును. శరత్తు చివరి దినములలో ఆకాశము మబ్బు విడిచి, వానలకు కడుగబడిన గాలిలో దుమ్ము అణగి, ఎండ వాడి తగ్గి ఏటవాలుగా పడుచుండుటచేత, ఛాయాచిత్రకారునికి సంవత్సరములోనెల్ల మేలైన వెలుతురు దొరకు కాలమును ఇదియే. పంటసొమ్ము, ముహూర్తము, వెలుతురు అను ఈ మూటి కలయికనుబట్టియే నిజామాబాదు పట్టణమునందును, బోధను చుట్టుపట్ల చెరకు మాగాణములందును పెండ్లిపటములు తీయు వృత్తి వేరూనినది. దాని చరిత్ర చెప్పబూనినవాడు కెమెరాల వంశావళిని మాత్రము చెప్పినచో చాలదు; వెలుతురును వెదకుకొనుచు వధూవరులు ఎచ్చట నిలిచిరో, వారి వెనుక ఏమి కనబడెనో, అదియు చెప్పవలెను.

పెండ్లి జరుగుచుండగా పటము తీయుట తొలినాళ్లలో లోకమున ఎచ్చటను సులభము కాకుండెను. 1840లో విక్టోరియా రాణి వివాహమాడునప్పటికి ఛాయాచిత్రకళ లోకమునకు అప్పుడప్పుడే తెలియవచ్చుచుండెను. 1854లో రోజర్ ఫెంటన్ అను నతడు తీసిన రాజదంపతుల చిత్రములను చూచి అవి పెండ్లినాటివే యని పలువురు నేటికిని భ్రమపడుచుందురు. నిజమునకు అవి పెండ్లియైన పదునాలుగేండ్లకు ఆస్థానవేషములతో నిలిచి తీయించుకొన్నవి. మన సీమలోను మొదటి పెండ్లిపటములు ఇట్టివే. మంగళసూత్రధారణము ఒకనాడు, పటము మరియొకనాడు. కొత్త దంపతులు పెండ్లిబట్టలు మరల కట్టుకొని పట్టణమునకు పోయి, చిత్రపు తెర యెదుట, ఒకరు కుర్చీలో కూర్చుండి ఒకరు ప్రక్కన నిలిచి, కదలక మెదలక తీయించుకొనిన పటమే ఇంటి గోడకు ఎక్కెడిది.

హైదరాబాదు రాజ్యమున ఈ కళకు గౌరవము తెచ్చిన మహనీయుడు లాలా దీనదయాళు. 1844లో పుట్టిన ఈయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందెను. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకముగ జనానా చిత్రశాల తెరచి, దానిని ఆంగ్లవనితయగు కెన్నీ లెవిక్ దొరసాని చేతులలో పెట్టుట ఆయన దూరదృష్టికి తార్కాణము. పురుషుని కంట పడగూడని వధువు రూపమును స్త్రీయే తీయవలెనను ఆ యేర్పాటు ఉన్నత కుటుంబములకే పరిమితమైనను, పటమునకు ఆడువారి ముఖము ఎంత అవసరమో దానివలన తేటపడినది. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో గోదావరి లోయ రైలుమార్గము నిజామాబాదును హైదరాబాదుతో కలిపిన తరువాత గాజుపలకలు, రసాయనములు, వాటితోపాటు వాటిని వాడ నేర్చినవారును ఇటువైపు రాగలిగిరి. ఐనను అప్పటికి పటము గడీల సొత్తుగనే యుండెను. దొర పెండ్లికి దొరయింటి ముంగిలియే చిత్రశాల. ఊరివారికి అందులో చోటు దొరకినచో పల్లకి మోయువారుగనో, దివిటీ పట్టువారుగనో దొరకెడిది.

ఈ స్థితిని మార్చినది కెమెరా కాదు, నీరు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము, దానిని సంకల్పించి నడిపిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు పేరుతోపాటు, ఈ సీమ ఆర్థిక చరిత్రలో నిలిచిపోయినది. కాలువ పారిన భూములలో చెరకు వేసిరి. చెరకును కొనుటకు 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు శక్కర్‌నగరమను కార్మికుల పేట యేర్పడెను. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతములనుండి రైతులు వచ్చి బోధను, వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతములలో భూములు సాగుచేసికొని ‘క్యాంపు’లను పేర కొత్త పల్లెలు కట్టుకొనిరి. ధాన్యమును కొలిచి పుచ్చుకొను జీతములకు బదులు, ఫ్యాక్టరీ గేటు యొద్ద తూచిన చెరకునకు రొక్కము చేతికి వచ్చు కుటుంబములు, నెలనెలకు జీతము తీసికొను కార్మికులు ఒక తరములోపల తయారైరి. రొక్కము లేనిచోట ఫొటోగ్రాఫరు బ్రదుకలేడు. ఏలయన అతని సరకు ధాన్యముతో మారకము వేసికొనదగినది కాదు. చెరకు బిల్లు వచ్చిన తరువాత ఇచ్చెదమని చెప్పి అరువుపెట్టగల గిరాకీదారు దొరకినప్పుడే ఈ వృత్తి పల్లెకు దిగినది.

క్యాంపుల రాకతో మరియొక విశేషము కూడ సంభవించినది. తెలంగాణమున లగ్గము పట్టపగలు జరుగుట పరిపాటి. కోస్తా జిల్లాలవారికి రాత్రి ముహూర్తములన్న మక్కువ యెక్కువ. కాలువకు ఒక ప్రక్క ఊరిలో మధ్యాహ్నపు టెండలో తలంబ్రాలు, రెండవ ప్రక్క క్యాంపులో అర్ధరాత్రి పెట్రోమాక్సు దీపముల క్రింద జీలకర్ర బెల్లము; రెండిటికిని పోవలసినవాడు ఒక్కడే ఫొటోగ్రాఫరు. పగటి లగ్గమున వెలుతురు ఉచితమే గాని నడినెత్తి సూర్యుడు బాసికము నీడను కన్నులపై పడవేయును. అందుచేత ముఖ్యమైన క్రియలు ముగిసిన పిదప వధూవరులను ఇంటి నీడలోనికో, తెల్లసున్నము వేసిన గోడ ప్రక్కకో తీసికొనిపోయి పటము తీయుట వాడుకయైనది. రాత్రి పెండ్లికి అట్లు కుదరదు. పూర్వము మెగ్నీషియము పొడిని భగ్గుమనిపించిరి. 1930 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో పుట్టిన ఫ్లాష్ బల్బు, దాని వెనుక ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మన జిల్లాలకు వచ్చినవి. ఒక బల్బు ఒక్కమారే వెలుగును. కావున సూత్రము కట్టు క్షణము తప్పినచో బల్బును పోవును, లగ్నమును పోవును. పురోహితుడు మంత్రమును ఆపి కెమెరావైపు ఒక చూపు చూచు నలవాటు ఈ భయమునుండియే పుట్టినదని నా యూహ.

నలుపుతెలుపు కాలపు పొదుపు నేటివారి ఊహకు అందదు. 120 రకపు రీలులో చదరపు పటములు 12 మాత్రమే. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ కెమెరా సామాన్యుని చేతిలోను, జపాను యాషికా మ్యాటు వృత్తికారుని మెడలోను వ్రేలాడుచుండిన ఆ దశకములలో, దిగుమతులపై ఆంక్షలవలన ఫిల్ము దొరకుటయే గగనము. తూర్పు జర్మనీ ఓర్వో రీళ్లును, ఊటీలో 1960లో స్థాపితమై 1967లో ఉత్పత్తి మొదలిడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీళ్లును వారికి ఆధారము. రెండు రీళ్ల పెండ్లి యనిన గొప్ప పెండ్లియే. ఎదురుకోళ్లకు ఒకటి, కాళ్లు కడుగుటకు ఒకటి, పుస్తెకట్టుటకు రెండు, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి, మిగిలినవి బంధుబలగమునకు అని లెక్క ముందే తేలవలెను. ఆ బంధువుల పటములోనే తగవులన్నియు: మేనమామ కుర్చీలో కూర్చుండవలెనా, పెద్దనాయన కూర్చుండవలెనా, అలిగి మూడేండ్లుగా మాటలాడని చిన్నాయనను పిలుచుట ఎవరు? ఎండ తగ్గకముందే ఈ పంచాయితీ తీర్చి అందరిని వరుసలలో నిలుపగలిగినవాడే మంచి ఫొటోగ్రాఫరని పేరు పొందెను. ఆ తరువాత చీకటిగదిలో కడిగి, నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖపు మచ్చలు దిద్ది, కోరినవారికి కుంచెతో చీరకు రంగు నద్ది ఇచ్చువరకు అతని పని ముగియదు.

ఆ పటములను ఇప్పుడు పరిశీలించువానికి ముందువరుసకంటె వెనుకభాగమే ఎక్కువ మాటలాడును. వెలుతురు ఇంటిలోపల చాలకపోవుటచేత అందరును వాకిటికి వచ్చిరి. వాకిటికి వచ్చుటచేత వాకిలి యంతయు పటమున పడినది. మట్టిగోడ, జాజుపూసిన అరుగు, కొట్టములో ఎద్దులు, చెరకాకు కప్పిన పాక, పందిరి గుంజకు ఆనించిన సైకిలు, కట్నముగా వచ్చి బల్లపై సగర్వముగా కూర్చున్న రేడియో, విద్యుత్తు వచ్చినదనుటకు సాక్షిగ తీగ, దూరమున వరికుప్పలు: వీనిని తీయుమని ఎవ్వరును అడుగలేదు, తీసినందుకు ఎవ్వరును రూకయైన ఈయలేదు. ముందు నిలిచినవారు తమ్ము తాము ఎట్లు చూపదలచిరో అట్లు నిలిచిరి. వెనుకనున్న ఊరు మాత్రము ఉన్నది ఉన్నట్లు నిలిచినది.

రంగుల కాలము గల్ఫునుండి వచ్చినది. 1970ల తరువాత ఆర్మూరు, కామారెడ్డి, బోధను ప్రాంతములనుండి దుబాయి, మస్కటు, సౌదీలకు పోయిన యువకులు తిరిగివచ్చుచు టేపురికార్డర్లతోపాటు కెమెరాలను తెచ్చిరి. జిల్లాలో రంగుల ల్యాబులు వెలయక పూర్వము రీళ్లు హైదరాబాదుకు పోయి రావలసి యుండినను, ఒకసారి రంగును చూచిన కన్ను నలుపుతెలుపునకు మరలలేదు. పిమ్మట వీడియో వచ్చెను. చెల్లెలి పెండ్లికి సెలవు దొరకక ఎడారిలో నిలిచిపోయిన అన్నకు, సినిమాపాటలు కలిపిన వీహెచ్ఎస్ క్యాసెట్టు ఊరిలో ఎవరో తిరుగుప్రయాణమైనప్పుడు వారి పెట్టెలో పోవుచుండెను. ఆ క్యాసెట్టులో భోజనాల బంతి యంతయు ఓపికతో చూపుటను నేటి కుర్రవారు పరిహసింతురు. కాని దూరమున నున్నవానికి కావలసినది అదియే, ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, అవ్వ ఎంత చిక్కిపోయినది అనునదియే. హాలోజను దీపము పట్టుకొని నిలుచు కుర్రవాడొకడు ఈ వీడియోతోడ పందిట ప్రవేశించెను. ఆ దీపముతోనే వెలుతురు కొరకు వాకిటికి వచ్చు అవసరము తీరెను. పెండ్లిండ్లు ఫంక్షన్ హాళ్లకు తరలిపోయినవి. అచ్చట వెనుక కనబడునది థర్మోకోలు నెమలియు, పూలతెరయు. అది బోధనులో నొకటే, కరీంనగరులో నొకటే.

ఇంతలో చెరకు సీమయు మారినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర కర్మాగారము 2002లో ప్రయివేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. చెరకు తోటలు వరికి తావిచ్చినవి. కర్మాగారపు కూతకు లేచి, కర్మాగారపు జీతముతో పెండ్లిండ్లు చేసిన శక్కర్‌నగరమువారి ఆల్బములు ఇప్పుడు ఆ పేటకు మిగిలిన చరిత్రలో ఒక పెద్ద భాగము. సరిగ్గా ఈ కాలముననే డిజిటల్ కెమెరా, కరిజ్మా ఆల్బము, డ్రోను, క్యాండిడ్, ప్రీ వెడ్డింగ్ షూటు అను మాటలు పల్లెపల్లెకు పాకినవి. జంటలు అలీసాగరు గట్టునకు, అశోక్‌సాగరు రాళ్లనడుమకు, డిచ్‌పల్లి రామాలయపు శిల్పముల యొద్దకు పోవుచున్నారు. హాలులోనికి పోయిన పెండ్లి మరల ఆరుబయటి వెలుతురును వెదకుకొనుచు బయలుదేరినది.

ఇట్టి మక్కువ మన సీమకే పరిమితము కాదు; పశ్చిమ దేశములలో శరత్కాలమున పాత ధాన్యపు కొట్టములను అలంకరించి పెండ్లిండ్లు చేసికొను వేడుక ఈ మధ్య మిక్కిలి ప్రబలినది. ఇంగ్లండులో దీనికి చట్టము తోడ్పడినది. 1994 వివాహచట్టము వచ్చువరకు అచ్చట పౌరవివాహమును రిజిస్ట్రారు కార్యాలయముననే చేసికొనవలసి యుండెను, ఆ చట్టమువలన అనుమతి పొందిన ఏ భవనముననైన చేసికొను వీలు కలిగినది. పనిలేక పడియున్న పాత కొట్టములకు క్రొత్త బ్రదుకు దొరకినది. మనకట్టి నిర్బంధము ఎన్నడును లేదు. 1955 హిందూ వివాహచట్టము ఆచారమును అడిగినదే గాని స్థలమును అడుగలేదు. కల్లమునందు, కొట్టము ముంగిట పందిరి వేసి పెండ్లి చేయుట మన తాతలకు వేడుక కాదు, అవసరము. ఇప్పుడు నగరపు చుట్టు వెలసిన ఫార్మ్‌హౌసులలో గడ్డిమోపులు పేర్చి, బండిచక్రము గోడకు ఆనించి, లాంతరు వ్రేలాడగట్టి ఆ అవసరమునకు వేషము కట్టుచున్నారు.

ఐనను నిజముగ పల్లెలో, కార్తిక మార్గశిరములలో, ఇంటిముందు జరుగు పెండ్లిని తీయుట నేటికిని విద్యయే. పచ్చియాకుల పందిరి క్రింద తెల్లధోవతికి ఆకుపచ్చని ఛాయ పట్టును. ఎర్ర షామియానా క్రింద అందరి ముఖములును కందినట్లగును. పసుపు పూసిన చేతులు ఎండలో తమ రంగును కోల్పోయి తెల్లనై మెరయును. అనుభవజ్ఞుడు పందిరికి ఎండ పడని ప్రక్క తెర ఒకటి తీయించి, మెత్తని వెలుతురును ప్రక్కనుండి రానిచ్చును. కొట్టపు ద్వారమునకు ఒక అడుగు లోపల వధువును కూర్చుండబెట్టినచో వెనుక చీకటి, ముందు ఆకాశపు కాంతి. ఏ దీపపు వెలుగును అంత మృదువుగా పడదు. సాయంకాలము నాలుగున్నరనుండి పొద్దు క్రుంకువరకు, కోసిన వరిమళ్లపై లేచు సన్నని ధూళిలో బంగారు వెలుతురు నిలుచును. అప్పగింతలు ఆ వేళకు పడినచో ఫొటోగ్రాఫరు అదృష్టవంతుడు.

నా ఫిర్యాదు ఒక్కటియే. నేటి కటకములు ముఖమును మాత్రము స్ఫుటముగ నిలిపి వెనుకనున్నదానిని పొగమంచువలె చెరపివేయుచున్నవి. అది సొగసని అందరును మెచ్చుచున్నారు. 12 పటముల కాలపు ఆల్బమునుండి ఒక ఊరి ఇండ్లను, పశువులను, పంటలను, పరస్పర మర్యాదలను తిరిగి నిర్మింపవచ్చును. నేటి వేలకొలది పటములనుండి వధువు కంటిరెప్పల సంఖ్య తేలును గాని ఊరి పేరు తేలదు. కావున పెండ్లి చేయువారికి ఒక మనవి. క్యాండిడులు ఎన్నియైన తీయింపుడు. వానితోపాటు ఇంటి వాకిట, కటకపు ద్వారమును ఇరుకుచేయించి, చుట్టములను, వంటవారిని, పందిరిని, ఇంటికప్పును, ఇంటి వెనుక చేనును అన్నింటిని స్ఫుటముగ ఒక్క పటము తీయింపుడు. దాని వెనుక ఊరి పేరును, తేదీని, నిలిచినవారి పేర్లను సిరాతో వ్రాసి యుంచుడు. మీ మనుమలు ఆ యింటిని, ఆ చేనును వెదకుకొన్ననాడు వారికి అక్కరకు వచ్చు పటము అదియే.