కరోనా వేళ మత్స్యకారులకు డబుల్ దెబ్బ.. తడ తీరంలో ఎవరికి ఎంత సాయం?

తడ: 2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో పడవలు ఒడ్డుకు చేరాయి. ఏప్రిల్ 10న కేంద్రం వేటకు సడలింపు ఇచ్చింది. ఐదు రోజులకే ఏటా ఉండే సముద్ర వేట నిషేధం వచ్చి పడింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న తడ సహా తీరమంతా గంగపుత్రుల ఇళ్లలో సంపాదన లేదు.

అందిన సాయం ఇదీ..

* బియ్యం కార్డుదారులకు ఉచిత రేషన్, ఇంటికి రూ.1,000.
* మే 6న ‘వైఎస్సార్ మత్స్యకార భరోసా’ కింద రూ.10 వేలు. రాష్ట్రంలో 1.09 లక్షల మందికి ఖాతాల్లో జమ.
* వేట నిషేధం 61 రోజుల నుంచి 47 రోజులకు కుదింపు. మే 31తోనే ముగింపు.

అయితే ఇక్కడే ఓ మెలిక. ‘భరోసా’ అప్పట్లో సముద్రంలో వేటకు వెళ్లేవారికే దక్కింది. పులికాట్ సరస్సులో మాత్రమే వల వేసే కుటుంబాలు ఆ లెక్కలోకి రాలేదు. వాళ్లకు రేషన్, రూ.వెయ్యే దిక్కయ్యాయి.