డాక్టరేటు తర్వాత

మా టాలట్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాటలు ఇళ్ళ అద్దెలతో మొదలై వీసాల దగ్గర ఆగుతాయి. ఐటీ వాళ్ళ సంగతి అందరికీ అర్థమవుతుంది. కాన్సర్ మీద పరిశోధన చెయ్యడానికి వచ్చిన కుర్రవాడి సంగతే ఎవరికీ అంతుపట్టదు. "పీహెచ్‌డీ అయిపోయిందన్నావు, మళ్ళీ ఈ పోస్ట్‌డాక్ ఏమిటి నాయనా, ఇంకా చదువేనా?" అంటారు పెద్దవాళ్ళు. చదువు కాదు. అలాగని స్థిరమైన ఉద్యోగమూ కాదు. మరొకరి లాబ్‌లో, మరొకరు తెచ్చిన గ్రాంటు మీద, ఒకటి రెండేళ్ళ ఒప్పందంతో చేసే పని. గ్రాంటు అయిపోతే పెట్టె సర్దుకోవాలి. ప్రాజెక్టు ప్రాజెక్టుకీ ఊరు మారిన కన్సల్టెంటుని కనుక ఆ బెంగ ఎలా ఉంటుందో నాకు కొంత తెలుసు.

ఇలాంటి బతుకు మనవాళ్ళకి కొత్తేమీ కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు వందేళ్ళ క్రితమే బతికి చూపించారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో పోయారు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి డబ్బుతో 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి పొట్ట పోసుకున్నారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. (ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు.) కండరం పనిచెయ్యడానికి శక్తి ఎక్కణ్ణించి వస్తుందన్న లెక్కనే తిరగరాసిన పని అది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళు అక్కడే పనిచేశారు. స్థిరమైన పదవి మాత్రం ఇవ్వలేదు. నా లెక్కలో అది పదేళ్ళ పోస్ట్‌డాక్.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు. పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ 1931లో ఆచూకీ చెప్పిన పోషకాన్ని, అంటే మనం ఫోలిక్ యాసిడ్ అంటున్నదాన్ని, ఆయన బృందం 1945లో లాబ్‌లో తయారు చేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకి అది మందయింది. ఆ పత్రం మీద 16 మంది పేర్లున్నాయి. అధిపతి పేరు మొదటా లేదు, చివరా లేదు, మధ్యలో ఉంటుంది.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. కాన్సర్ కణానికి మరీ కావాలి. దాని వేషం వేసుకుని వెళ్ళి దారి మూసేసే పదార్థాలని అదే బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఏళ్ళు 53.

ఆ మందుకి తోబుట్టువు మెథోట్రెక్సేట్. కథ ఐర్లండు వైపు తిరిగేది ఇక్కడే. ఎనిస్కిల్లెన్‌లో పుట్టి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో వైద్యం చదివిన డెనిస్ బర్కిట్, ఉగాండాలో పిల్లల దవడల మీద లేచే గడ్డలని 1958లో వర్ణించాడు. రేడియేషన్ సదుపాయం అక్కడ లేదు. 1960ల మొదట్లో మెథోట్రెక్సేట్ ఇచ్చి చూస్తే కొందరు పిల్లల్లో గడ్డలు కరిగిపోయాయి. ఆ గడ్డల కణాల్లో వైరస్‌ని 1964లో పట్టుకున్న ముగ్గురిలో ఒకరు కార్లోలో పుట్టి ట్రినిటీలోనే చదివిన ఇవోన్ బార్. వైరస్ పేరులోనే ఆవిడ పేరుంది. పెళ్ళై ఆస్ట్రేలియా వెళ్ళాక పరిశోధన ఉద్యోగం దొరకలేదు, బడిలో టీచరయ్యారు.

1982లో అసలు గుట్టు బయటపడింది. ఆ కణాల్లో 8వ క్రోమోజోము ముక్క విరిగి 14వ దానికి అతుక్కుంటుంది. కణాన్ని పెరగమని చెప్పే మిక్ అనే జన్యువు, యాంటీబాడీలు తయారు చేయించే జన్యువు స్విచ్చి పక్కకి వచ్చి పడుతుంది. ఆ రక్తకణాల్లో ఆ స్విచ్చి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రాము పాడవలేదు, అది ఎప్పుడు నడవాలో చెప్పే షెడ్యూలు చెడింది. జన్యు నియంత్రణ అంటే ఆ షెడ్యూలు చదవడమే. మన కుర్రవాళ్ళు చేస్తున్నది అదే.

అవకాశాలు ఇక్కడ లేకపోలేదు. టాలట్‌లో లువాస్ ఎర్ర లైను ఎక్కితే, సెయింట్ జేమ్స్ ఆస్పత్రిలో ట్రినిటీ కాన్సర్ సంస్థ దగ్గర దిగొచ్చు. 2024 ఆగస్టులో పరిశోధన నిధులిచ్చే రెండు ప్రభుత్వ సంస్థలు కలిసి రీసెర్చ్ ఐర్లండ్ అయ్యాయి. పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులు ఇప్పుడు అదే ఇస్తుంది. హోస్టింగ్ అగ్రిమెంట్ ఉంటే యూరప్ బయటనుంచి వచ్చే పరిశోధకుడికి విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు.

అయినా సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగమంటాను. గ్రాంటులో ఇంకా ఎన్ని నెలల డబ్బుంది? పత్రం మీద పేర్లు ఏ పద్ధతిలో వేస్తారు? ఇంతకుముందు ఈ బల్ల దగ్గర పనిచేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? మొదటి రెండింటికీ జవాబు వెంటనే వస్తుంది. మూడోదానికి ప్రొఫెసరు పేర్లతో సహా చెప్పగలిగితే, ఆ లాబ్‌లో నిశ్చింతగా చేరొచ్చు.