ఆటలో అరటిపండు: పసిపిల్లల సహకారానికి పార్టెన్ కట్టిన మెట్లపై ఒక అభ్యంతరం

మూడేళ్ల పిల్లలకు కలిసి ఆడటం రాదని, పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఆట వాళ్లే ఆడుకుంటారని శిశు వికాస పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందేవాళ్లు ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు, తరువాత దాన్నే నమ్మి బడికి వెళతారు. గోదావరి జిల్లాల ఊళ్లలో రామాలయం అరుగుల దగ్గర, అంగన్‌వాడీ ముంగిళ్లలో పిల్లల ఆటలు చూస్తున్నప్పుడు నాకు ఈ సూత్రం మీద అనుమానం కలిగింది. లోపం పిల్లల్లో కంటే కొలిచిన కొలబద్దలోనే ఎక్కువ ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

బిరుదురాజు రామరాజు మొదలుకొని మన జానపద పరిశోధకులు పాటలు సేకరించారు, ఆటల నియమాలు నమోదు చేశారు. ఆటకు ముందు జరిగే బేరసారాలకు మాత్రం ఆ సేకరణల్లో దక్కిన చోటు తక్కువ. అసలు పేచీ ఆ పాఠ్యపుస్తక సూత్రానికి మూలమైన మిల్‌డ్రెడ్ పార్టెన్‌తో. మినెసోటా విశ్వవిద్యాలయపు నర్సరీ బడి పిల్లల్ని గమనించి ఆమె 1932లో ప్రకటించిన వ్యాసం తొంభై ఏళ్లు దాటినా పాఠ్యపుస్తకాల్లో చెక్కుచెదరలేదు. ఏమీ చేయకుండా ఉండటం, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడటం, సమాంతర ఆట, కలగలుపు ఆట, సహకార ఆట అని ఆమె ఆరు వర్గాలు చేసింది. వయసు పెరిగేకొద్దీ పిల్లలు చివరి వర్గాల వైపు జరుగుతారని తేల్చింది.

ఆమె పద్ధతి ఏమిటి? స్వేచ్ఛగా ఆడుకునే వేళలో ఒక్కొక్కరిని విడతకు ఒక్క నిమిషం చూసి, ఆ నిమిషాన్ని ఏదో ఒక వర్గంలో వేయడం. ఒక్క నిమిషంలో దొంగ ఎవరో తేల్చే పంటలు వేసుకోవడమైనా పూర్తి కాదు! పీటర్ స్మిత్ అనే పరిశోధకుడు 1978లో ఈ మెట్ల వరుసనే ప్రశ్నించాడు. సమాంతర ఆట చాలాసార్లు గుంపు ఆటలోకి దారి తీస్తుందని 1980లో బేక్‌మన్, బ్రౌన్‌లీ చూపారు. అయినా పాఠ్యపుస్తకాలు మారలేదు. పార్టెన్ నర్సరీలో లేని మనిషి కూడా ఒకరున్నారు: తమ్ముణ్ని చంకనేసుకుని ఆటకు వచ్చే మూడో తరగతి అక్క.

ఆ అక్క వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఆట నేల-బండ: అరుగెక్కితే క్షేమం, నేల మీద దొంగ ముట్టుకుంటే వాళ్లే దొంగ. పంటలు వేసుకుంటుండగా ఆమె మూడేళ్ల తమ్ముణ్ని అరుగు మీద దింపింది. "వీడొద్దు, వీడికి ఆటే రాదు" అన్నాడొకడు. "అమ్మ పొలం నుంచి వచ్చేదాకా నేనే చూడాలి. వీణ్ని ఆడించకపోతే నేనూ ఆడను" అందామె. ఆమె తప్పుకుంటే ఆటకు మనుషులు చాలరు. "సరే, అరటిపండు" అన్నారు. దాంతో వాడికి ఆటలో చోటు దొరికింది, శిక్ష తప్పింది. ముట్టుకున్నా వాడు దొంగ కాడు.

అసలు సృజన ఆ తరువాత మొదలైంది. అక్క తెలివిగా తమ్ముణ్ని ముందు నిలబెట్టుకుని నేల మీదకు దిగడం మొదలుపెట్టింది. దొంగకు ఆమె అందదు. తగువైంది, ఆట ఆగింది. కాసేపటికి కొత్త నియమం పుట్టింది: అరటిపండు వెనకాల దాక్కుంటే దాక్కున్నవాళ్లు ఔట్. ఈ నియమం ఏ ఆటల పుస్తకంలోనూ ఉండదు, ఏ పెద్దలూ చెప్పలేదు. ఒక మినహాయింపు ఇచ్చి, దాన్ని వాడుకోజూసినవాళ్లను పట్టుకుని, మినహాయింపును కాపాడుతూనే ఆ కన్నం పూడ్చారు. ఇంతలో దొంగగా ఉన్న కుర్రాడు పిల్లవాడి మీదకు వస్తున్నట్టు వచ్చి, అందీ అందకుండా ఆగిపోతున్నాడు. పిల్లవాడు కేకలేస్తూ అరుగెక్కుతున్నాడు. పట్టుకున్నా లెక్కలోకి రాని వాడి కోసం పెద్ద పిల్లలు తమ వేగం తగ్గించుకోవడాన్ని సహకారం అనకపోతే ఏమనాలి?

పార్టెన్ పట్టిక పట్టుకుని ఇదే ఆట చూడండి. తగువు నడుస్తున్న నిమిషంలో ఆటే లేదు. పిల్లవాడు అరుగు మీద నిలబడ్డ నిమిషంలో వాడు "పక్కన నిలబడి చూసేవాడు". మరో నిమిషంలో సహకార ఆటలో ఉన్నాడు. ఒక్క సాయంత్రంలోనే వాడు పార్టెన్ మెట్లు ఎక్కి దిగాడు. చూడటాన్ని ఆమె కింది మెట్టులో పెట్టింది. మన వీధిలో అది ఉమ్మడి ఆటలోకి ప్రవేశ ద్వారం. పరిశోధకురాలు బార్బరా రోగోఫ్ మాయా కుటుంబాల్లో ఇలా చూసి నేర్చుకోవడాన్నే వివరంగా రాసింది.

అరటిపండు హోదా శాశ్వతం కాదు. కొన్నాళ్లకు అదే పిల్లవాడు "నేను అరటిపండు కాను" అని మొండికేశాడు. ఒప్పుకున్నారు. ముట్టుకోగానే దొంగయ్యాడు, ఏడ్చాడు. అక్క వాడి వంతు తాను తీసుకుంటానంది. "అలా కుదరదు" అన్నారు కొందరు. చివరికి "ఈసారికి తూచ్" అని తీర్మానించారు. బువ్వాటలోనూ ఇదే వరస. ఇసుక అన్నానికి, ఇటుక పొడి కారానికి కాపలా ఉండే చంటిపిల్ల కొన్నాళ్లకు అత్తగారి వేషం అడుగుతుంది. పూర్తి సభ్యత్వం ఎప్పుడు ఇవ్వాలో ఆడేవాళ్లే నిర్ణయిస్తున్నారు. పుట్టిన తేదీ ఎవరూ అడగడం లేదు.

కులం గీతలు, ఆడపిల్లల మీద ఆంక్షలు కొందరిని ఈ అరుగుల దాకా రానివ్వవన్నది నిజమే.

అయినా తేలేది స్పష్టం. సహకారం వయసుతో దానంతటదే మొలిచేది కాదు. పెద్ద పిల్లలూ చిన్న పిల్లలూ కలిసి ఉన్నచోట, పెద్దలు జోక్యం చేసుకోనిచోట పుడుతుంది. మినహాయింపు, దుర్వినియోగం, సవరణ, క్షమ అన్నీ ఏడెనిమిదేళ్లకే సాధన చేసిన పిల్లలకు పౌరశాస్త్రం పాఠం వేరే అక్కర్లేదు. మన గ్రామసభలు నిస్సారం కావడానికీ, వీధి ఆటలు తగ్గిపోవడానికీ సంబంధం ఉందని నా విశ్వాసం.

ఈ కలివిడికి విధానంలోనూ చోటుంది: 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. ఆ దశకు 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం పిల్లలే నడిపించే స్వేచ్ఛా క్రీడను గుర్తించింది. ఆచరణలో మాత్రం ఎల్.కె.జి., యు.కె.జి. అని, పి.పి.-1, పి.పి.-2 అని ఏడాదికో గోడ కడుతున్నాం. 1975లో మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకపు అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉండటాన్ని వసతుల లోటుగా చూశాం. అదే వాటి బలం.

పార్టెన్ ఆరు వర్గాల్ని 1932 నాటి ఒక నర్సరీ బడి వివరంగా బోధించండి, పసిపిల్లల స్వభావంగా బోధించకండి. అంగన్‌వాడీల తనిఖీకి వెళ్లే సూపర్‌వైజర్లకు ఒక్క మనవి: ముంగిట్లో పిల్లలు ఆట ఆపి తగువులాడుకుంటుంటే సర్దిచెప్పకండి. ఏం తేల్చుకున్నారో రాసుకోండి.