మన వాకిటి పొదల పుట్టిళ్ళు

మా గోదావరిఖనిలో క్వార్టర్ వాకిలి అంటే గేటుకూ మెట్లకూ మధ్య నాలుగడుగుల నేల. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. ఆ నేలలో ఏ పొద పెట్టాలని ఎవరైనా అడిగితే, ముందు ఆ మొక్క పుట్టిల్లు ఎక్కడో తెలుసుకోమంటాను. కోడలి సంగతి తెలియాలంటే పుట్టింటి సంగతి తెలియాలి కదా!

ముందుగా మన గేట్ల మీద ఎర్రగా పాకే కాగితం పూల చెట్టు. దాని పుట్టిల్లు బ్రెజిల్. 1767లో బూగన్‌విల్ అనే ఫ్రెంచి నావికాధికారి ప్రపంచయాత్రలో రియో డి జనీరోకు చేరాడు. ఓడలో ఉన్న వృక్షశాస్త్రవేత్త కమర్సన్ ఆ తీగకు అధికారి పేరే పెట్టాడు. అందుకే అది బోగన్‌విలియా. ఇందులో చాలామందికి తెలియని మనిషి ఒకరున్నారు: జాన్ బారే. కమర్సన్‌కు తోడుగా, పనివాడిగా మగవేషంలో ఓడెక్కిన ఆడమనిషి. అప్పట్లో ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్ళకు చోటు లేదు. కాలి బాధతో కమర్సన్ ఎక్కువ నడవలేకపోయేవాడు కాబట్టి, ఆ కొమ్మ తెంపి తెచ్చింది ఆమే అయివుంటుందని కొందరు చరిత్రకారులు అంటారు. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా ఆమెను ఇప్పుడు చెప్పుకుంటున్నాం. కమర్సన్ పేరు పదుల కొద్దీ మొక్కలకు ఉంది. ఆమె పేరుతో మాత్రం 2012లో వంగ కుటుంబంలోని ఒక మొక్కకు పేరు పెట్టారు. అంటే రెండు వందల ఏళ్ళు దాటాక!

ఈ చెట్టుకు నీళ్ళు ఎక్కువైతే ఆకులే వస్తాయి, పూలు తగ్గుతాయి. మనం పూరేకులనుకునేవి నిజానికి రంగు ఆకులు. అసలు పువ్వు లోపల చిన్నగా, తెల్లగా ఉంటుంది. ముళ్ళుంటాయి కాబట్టి నడిచే దారికి దూరంగా పెట్టాలి.

రెండోది గన్నేరు. మధ్యధరా సముద్ర తీరాల నుంచి మన ఆసియా దాకా, ఎండిన వాగుల్లో పెరిగే మొక్క. వరదనూ కరువునూ చూసింది కాబట్టే హైవేల మధ్య డివైడర్లలో కూడా బతుకుతోంది. కానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. అమెరికా ఖండాల వైపు నుంచి వచ్చిన పచ్చగన్నేరు కూడా అంతే. పాకే పిల్లలు, మేకలు ఉన్న ఇంటికి ఇవి వద్దు.

మూడోది తంగేడు. దీని పుట్టిల్లు వేరే ఎక్కడో కాదు, ఈ నేలే. 1960ల మొదట్లో ఇక్కడ గనులు మొదలయ్యాక పనికోసం ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చాయి. వాటికంటే ముందే ఈ చెలకల్లో ఉన్నది తంగేడు. దాని బెరడుతో తోళ్ళు పదును చేసేవాళ్ళు. బతుకమ్మలో గునుగుతో పాటు తంగేడు లేకుంటే పండుగే కాదు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. అయినా వాకిట్లో తంగేడు పెట్టుకున్నవాళ్ళను నేను చూసింది చాలా తక్కువ. అడవి మొక్క అని చిన్నచూపు. మా చిన్నప్పుడు మగపిల్లలు తెల్లవారకముందే చెలకలకు పోయి మోపులు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు ఊరి చుట్టూ ఇళ్ళొచ్చాయి, ఎంగిలిపూల నాడు బజార్లో కట్టలు కొంటున్నాం. ఊరికే దొరికే పువ్వని పెంచకపోతే, మన పిల్లలకు అది కట్టగానే తెలుస్తుంది, చెట్టుగా తెలియదు.

తంగేడు వేరు లోతుకు దిగుతుంది. అందుకే బయట పెరిగిన మొక్కను పీకి తెస్తే బతకడం కష్టం. ఎండిన కాయల గింజలు తెచ్చి, పైపొర గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టి, జూన్ తొలకరికి నేలలోనే నాటండి. మొక్కకూ మొక్కకూ నాలుగడుగులు ఉండాలి. మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండుసార్లు నీళ్ళు పోయండి. తర్వాత దాని పాటికి అది బతుకుతుంది. పసుపు సీతాకోకచిలుకలు ఆకుల మీద గుడ్లు పెడతాయి, పురుగని మందు కొట్టకండి.

గేటు మూలకు కాగితం పూలు, ప్రహరీ పొడవునా తంగేడు. మా వాకిలికైతే ఇంతే చెబుతాను. దూరం నుంచి వచ్చినదానికి చోటివ్వాలి, ఈ నేలలో పుట్టినదానికీ ఇవ్వాలి.